మోటర్‌హోమ్‌కి ఏ డీజిల్ బండి? డీపీఎఫ్, ఎస్‌సీఆర్, యాడ్‌బ్లూ మీద గోదావరి జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమకి కారవాన్ అనే మాట సినిమా షూటింగులతోనే వచ్చింది. కొబ్బరితోట పక్కన ఆపిన పెద్ద బండి, దాని వెనకాల బుర్రుమంటూ జనరేటర్, చుట్టూ బడి ఎగ్గొట్టిన పిల్లలు. ఇప్పుడు అలాంటిదే ఓ చిన్న బండి సొంతానికి కావాలనేవాళ్ళు పెరిగారు. రిటైరైన మాస్టార్లు, చేపల చెరువుల మీద నాలుగు డబ్బులు చూసినవాళ్ళు, అమెరికాలో చూసింది ఇక్కడ కావాలనేవాళ్ళు. 2027 పుష్కరాలకి ఇంటినిండా చుట్టాలు దిగుతారు, బండి ఉంటే నలుగురైనా అందులో పడుకుంటారన్నది కొందరి లెక్క.

నేను పాతికేళ్ళు ట్రావెల్స్ బళ్ళు తిప్పినవాణ్ణి. ఆ తరవాత ఒక పదిహేడు సీట్ల వ్యాను కొని, సీట్లు పీకించి ఇల్లుగా కట్టించుకున్నాను. మంచం ఎంత పొడవు, బాత్రూమ్ ఎక్కడ అని ఫోన్లో మొదలుపెట్టినవాళ్ళు పది నిమిషాల్లో పొగ దగ్గరికే వచ్చేస్తారు. "ఆ యాడ్‌బ్లూ గొడవ లేని బండి ఏదండీ?" అని. పొగ శుభ్రం చెయ్యడానికి విడిగా ట్యాంకులో పోసే యూరియా ద్రావణం అది. ప్రతివాళ్ళకీ చెప్పిందే చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇల్లులా వాడుకునే బండికి పొగ సంగతి ఎందుకండీ?

ఇదివరకు సైలెన్సర్ అంటే ఓ రేకు డబ్బా. తుప్పు పడితే వెల్డింగ్ పెట్టించేవాళ్ళం. 2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక ఆ కథ మారిపోయింది. నాలుగు నుంచి ఐదుని వదిలేసి నేరుగా ఆరుకి దూకాం. పెద్ద డీజిల్ ఇంజన్లకి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ అవర్‌కి 3.5 గ్రాముల నుంచి 0.4 గ్రాముల దగ్గరికి దిగింది. మసి బరువు చూడటంతో ఆగకుండా మసి కణాల సంఖ్య కూడా లెక్కపెడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో మొదలైన రెండో దశలోనైతే ల్యాబ్‌లో పాసైతే సరిపోదు, రోడ్డు మీద నడిచేటప్పుడు వచ్చే పొగని కూడా కొలుస్తారు.

దాంతో ఇప్పుడు బండి కింద ఓ చిన్న రసాయన ఫ్యాక్టరీయే ఉంటోంది. దానికి వేడి కావాలి, మందు కావాలి, అప్పుడప్పుడూ మంచి రోడ్డు మీద పరుగు కావాలి. ఆ ఫ్యాక్టరీ నెత్తిన మీరు మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టుకుంటున్నారు. అందుకే బండి కొనకముందే దాని సంగతి తెలుసుకోవాలి.

ఈజీఆర్, డీపీఎఫ్, ఎస్‌సీఆర్, ఎల్ఎన్‌టీ... మాకు అర్థమయ్యేట్టు చెప్పండి.

కట్టెల పొయ్యి గుర్తు తెచ్చుకోండి. గొట్టంతో బాగా ఊదితే మంట భగ్గున లేస్తుంది, మసి ఉండదు. ఊదడం ఆపి కట్టెలు కుక్కేస్తే మంట నీరసపడి గిన్నె నల్లబడుతుంది. డీజిల్ ఇంజన్‌లోనూ ఇంతే. మంట బాగా వేడెక్కితే మసి తగ్గుతుంది, కానీ ఆ వేడికి గాలిలోని నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. మెకానిక్కులు నాక్స్ అనేది వీటినే. మంట చల్లారిస్తే నాక్స్ తగ్గి మసి పెరుగుతుంది. ఒకదాన్ని నొక్కితే ఇంకోటి లేస్తుంది. ఈ పరికరాలన్నీ ఆ పేచీ తీర్చడానికి వచ్చినవే.

ఈజీఆర్ అంటే వాడేసిన పొగలో కొంత చల్లార్చి మళ్ళీ ఇంజన్లోకే పంపడం. మంట చల్లబడి నాక్స్ తగ్గుతుంది. బదులుగా మసి పెరుగుతుంది, వాల్వూ కూలరూ మసితో పూడుకుపోతుంటాయి.

డీపీఎఫ్ మసిని పట్టే జల్లెడ. లోపల సన్నని గదులున్న పింగాణీలాంటి దిమ్మ. పొగ గోడల్లోంచి దూరి వెళ్ళిపోతుంది, మసి లోపలే ఉండిపోతుంది. నిండినప్పుడు బండే దాన్ని కాల్చుకుంటుంది. రీజెనరేషన్ అంటారు, మా షెడ్డుల్లో రీజెన్ అనేస్తారు. దానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి.

ఎస్‌సీఆర్ నాక్స్ పని పట్టేది. వేడి పొగలోకి యూరియా ద్రావణం చిమ్ముతుంది. అది అమ్మోనియాగా మారి, నాక్స్‌తో కలిసి మామూలు నైట్రోజన్, నీటి ఆవిరి అయి బయటికి పోతుంది. ఆ ద్రావణమే యాడ్‌బ్లూ. అసలు పేరు డెఫ్. యాడ్‌బ్లూ అనేది జర్మనీ వాహన పరిశ్రమల సంఘం ట్రేడ్‌మార్క్. పేరులో నీలం ఉంది గానీ చూడటానికి మంచినీళ్ళలాగే ఉంటుంది.

ఎల్ఎన్‌టీ చిన్న ఇంజన్ల కార్లలో వచ్చేది. నాక్స్‌ని కాసేపు పట్టి ఉంచుకుని, మధ్యమధ్య కాస్త ఎక్కువ డీజిల్ ఇచ్చి వదిలించుకుంటుంది. యూరియా అక్కర్లేదు. ఇల్లు మోసే బరువు బండికి దీని గురించి ఆలోచించక్కర్లేదు.

ఇన్నిటిలో ఏది మంచిదండీ? ఒక్క మాటలో చెప్పండి.

ఎస్‌సీఆర్ ఉన్న బండి.

యాడ్‌బ్లూ అంటే భయపడేవాళ్ళంతా భయపడాల్సిన దాన్ని వదిలేసి వేరేదానికి భయపడుతున్నారు. యాడ్‌బ్లూ అయిపోతే బకెట్ కొని పోస్తే పోయింది. మనకి తిప్పలు పెట్టేది డీపీఎఫ్. అది బీఎస్-6 డీజిల్ బండి దేనిలోనైనా ఉంటుంది, తప్పించుకోలేరు. కాబట్టి "ఏ టెక్నాలజీ?" అనే ముందు "నేను ఈ బండిని ఎక్కడ, ఎంత వేగంతో తిప్పుతాను?" అని అడుక్కోండి.

యూరియా లేకుండా ఈజీఆర్‌తోనే సరిపెట్టొచ్చు కదా? అమెరికాలో మా బావగారి బండికి లేదట.

సరిపెట్టాలని పెద్దపెద్దవాళ్ళే చూశారు. అమెరికాలో 2010 నుంచి పెద్ద డీజిల్ ఇంజన్లకి నాక్స్ పరిమితి చాలా గట్టిగా బిగించారు. ఇంజన్లు చేసే కమిన్స్‌తో పాటు మిగతావాళ్ళు ఎస్‌సీఆర్ దారి పట్టారు. లారీలు చేసే నావిస్టార్ మాత్రం మా కస్టమర్‌కి యూరియా బెడద ఎందుకు, ఈజీఆర్‌నే పెంచుతాం అని కూర్చుంది. 2009లో మోనాకో అనే మోటర్‌హోమ్ కంపెనీని కొన్నది కూడా వాళ్ళే. కాబట్టి అక్కడి మోటర్‌హోమ్ జనం ఈ తగువులో రెండుగా చీలిపోయారు. చివరికి 2012లో నావిస్టారే చేతులెత్తేసి, కమిన్స్ దగ్గరున్న ఎస్‌సీఆర్ తెచ్చుకుని తన బళ్ళకి పెట్టుకుంది.

మనదగ్గరా ఇదే జరిగింది. 2017లో బీఎస్-4 వచ్చినప్పుడు అశోక్ లేలాండ్ ఐ-ఈజీఆర్ అని, యూరియా పోయక్కర్లేదని చెప్పి లారీలు అమ్మింది. టాటా లారీల్లో ఎస్‌సీఆర్ వచ్చింది. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర టీ తాగేటప్పుడు డ్రైవర్లు దీని మీదే వాదించుకునేవాళ్ళు. బీఎస్-6 నాటికి లేలాండ్ కూడా ఎస్‌సీఆర్ పెట్టక తప్పలేదు. యూరప్‌లో మోటర్‌హోమ్‌లకి బాగా వాడే ఫియట్ డుకాటో వ్యాను కూడా యూరో-6 (అక్కడి పొగ నిబంధన) మొదట్లో యాడ్‌బ్లూ లేకుండా నడిచి, 2019లో వచ్చిన మోడల్ నుంచి యాడ్‌బ్లూ ట్యాంకు పెట్టుకుంది.

కారణం పొయ్యి ఉదాహరణలోనే ఉంది. ఎస్‌సీఆర్ ఉంటే ఇంజన్ మంటని వేడిగా, బాగా మండేట్టు ఉంచుకోవచ్చు, నాక్స్‌ని బయట చూసుకోవచ్చు. మైలేజీ బాగుంటుంది, మసి తక్కువ పుడుతుంది కాబట్టి డీపీఎఫ్ మీదా భారం తగ్గుతుంది. రెండు టన్నుల ఇంటి సామాను మోసే బండికి ఇది చిన్న విషయం కాదు. మీ బావగారిది ఏ సంవత్సరం బండో ఓసారి కనుక్కోండి.

నేను ఎక్కువగా కోనసీమలోనే తిప్పుతాను. బీఎస్-6 బండి పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ దాన్ని అప్పుడప్పుడూ హైవే ఎక్కించాలి. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం.

మొదటి కార్తీకమాసం. కొత్త ఇల్లు, కొత్త సరదా. అమలాపురంలో దిగి, మా ఆవిడా అత్తగారూ వెనక కూర్చుని ఉంటే అయినవిల్లి, మురమళ్ళ, అప్పనపల్లి, అంతర్వేది, రోజుకో గుడి. ఎక్కడికెళ్ళినా ముప్ఫై నలభై కిలోమీటర్ల లోపే. కాలువ గట్టు రోడ్డు, ఎదురుగా ట్రాక్టరు, పక్కన గేదె, మధ్యలో సంత. మూడో గేరు దాటింది లేదు. గుడి దగ్గర అత్తగారికి ఉక్కపోస్తోందంటే ఇంజన్ ఆపకుండా ఏసీ. పదిహేనో రోజున డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. చిన్న డబ్బా బొమ్మ, దాని లోపల చుక్కలు. చుక్కలే కదా అనుకున్నాను. నాలుగు రోజుల తరవాత దిండి నుంచి చించినాడ వంతెన ఎక్కుతుంటే బండి ఒక్కసారిగా ఊపిరి తీసేసినట్టయింది. యాక్సిలరేటర్ నేలకి తొక్కినా పాకడమే తప్ప పరుగు లేదు. వెనక హారన్ల మోత. "నాయనా, దిగి తొయ్యాలా?" అని మా అత్తగారు అడిగింది, నిజంగానే అడిగింది.

సర్వీస్ వాళ్ళు కంప్యూటర్ తగిలించి చూస్తే డీపీఎఫ్ మసితో నిండిపోయి ఉంది. మధ్యలో బండి చాలాసార్లు రీజెన్ మొదలుపెట్టింది, ప్రతిసారీ నేను ఏదో గుడి దగ్గర తాళం తీసేశాను. రీజెన్ కోసం అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లో కలిసి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం ఉండాల్సిన గీత దాటి పైకి వచ్చింది. ఆయిల్ పెరిగితే మంచిదే కదా అనుకునే అమాయకులుంటారు, పల్చబడ్డ ఆయిల్ ఇంజన్‌నే తినేస్తుంది. ఆ రోజు షెడ్డులో కూర్చోబెట్టి బలవంతంగా రీజెన్ చేయించి, ఆయిల్ మార్చి పంపారు. అదృష్టం. ఇంకో వారం నడిపి ఉంటే డీపీఎఫ్ విప్పి కడిగించాల్సి వచ్చేది, లేదా కొత్తది వేయించాల్సి వచ్చేది. కొత్తదంటే మంచాలూ అల్మారాలూ చేయించిన ఖర్చుకి దీటుగా ఉంటుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. రెండు వారాలకోసారి, పనున్నా లేకపోయినా, రావులపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కి సిద్ధాంతం వంతెన దాటి తణుకు వైపు వెళ్ళొస్తాను. అరగంటకి తగ్గకుండా, అరవై డెబ్భై వేగంతో, ఓ గేరు తక్కువలో ఇంజన్ కాస్త గట్టిగా తిరిగేట్టు. తణుకులో కాఫీ తాగి వెనక్కి వస్తాను. ఎన్‌హెచ్ 216 ఖాళీగా ఉండే పొద్దున్న పూట అది కూడా పనికొస్తుంది. అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం దాకా వచ్చే రోడ్డు మాత్రం ఈ లెక్కలోకి రాదు.

రీజెన్ జరుగుతోందని తెలిసేదెలా?

కొన్ని బళ్ళలో దీపం వెలుగుతుంది. కొన్నిట్లో ఏమీ చెప్పదు, మనమే కనిపెట్టాలి. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ చప్పుడు కాస్త మారుతుంది, ఐడిల్ మామూలు కంటే పెరుగుతుంది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, కింద నుంచి కాలిన వాసన వస్తుంది. అది కనిపిస్తే ఇంటి ముందుకి వచ్చినా సరే ఆపకండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఊరి బయట తిప్పి రండి.

మన ప్రాంతంలో ఇంకో ప్రమాదం ఉంది, కంపెనీ పుస్తకంలో గడ్డి మీద ఆపొద్దని ఓ లైను రాసి వదిలేస్తారు. కోతలప్పుడు రోడ్డు మీద వరిగడ్డి పరుస్తారు. రీజెన్‌లో ఉన్న బండిని తీసుకెళ్ళి ఆ ఎండుగడ్డి మీద ఆపితే అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. గడ్డివాము నీడన పార్కింగ్ సరదా మానెయ్యండి.

రాత్రి ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని ఏసీ వేసుకుని పడుకోవచ్చా?

వద్దు. డీపీఎఫ్ కోసం మాత్రమే కాదు, ప్రాణం కోసం.

ముందు బండి సంగతి. ఐడిల్‌లో పొగ వేడెక్కదు. ఎస్‌సీఆర్‌కి యూరియా చిమ్మడానికి సుమారు 200 డిగ్రీలైనా ఉండాలి, డీపీఎఫ్‌లో మసి కాలడానికి ఇంకా చాలా కావాలి. రాత్రంతా ఐడిల్ అంటే రాత్రంతా మసి నింపడమే. నర్సాపురం, సఖినేటిపల్లి రేవులో పంటు కోసం గంట ఆగినా ఇంజన్ ఆపేసి కిటికీ తియ్యండి, గోదావరి గాలి ఉచితం.

ప్రాణం సంగతి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలియనే తెలియదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడే కారణమని తేలింది. బీఎస్-6 ఇంజన్ శుభ్రంగా ఉంటుంది కదా అని వాదించకండి. మీ వెనక డిక్కీలో పెట్టే చిన్న జనరేటర్‌కి ఆ శుభ్రత ఏమీ ఉండదు. మంచం పక్కన కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి. ఇది లేని బండిలో నేను పడుకోను.

ఏసీకి దారి బ్యాటరీయే. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో సుమారు రెండున్నర యూనిట్లు పడతాయి. చిన్న ఇన్వర్టర్ ఏసీ మూడు నాలుగు గంటలు లాగుతుంది. రాత్రంతా కావాలంటే రెండు మూడు బ్యాటరీలు, లేదంటే రిసార్టు ప్లగ్గు. కరెంటు వైరు బయటి నుంచి లాక్కునే సాకెట్ బాడీ కట్టేటప్పుడే పెట్టించుకోండి.

యాడ్‌బ్లూ ఎంత తాగుతుంది? దారిలో దొరుకుతుందా?

డీజిల్లో నూటికి మూడు నుంచి ఐదు లీటర్లు అనుకోండి. చిన్న వ్యాన్లకి ఇంకా తక్కువ ఉండొచ్చు. కాశీకి రానూపోనూ 2,600 కిలోమీటర్లు, లీటరుకి పది మైలేజీ అనుకుంటే డీజిల్ 260 లీటర్లు. యాడ్‌బ్లూ ఎనిమిది నుంచి పదమూడు లీటర్లు. ఒక 20 లీటర్ల బకెట్‌లో ప్రయాణం అయిపోయి ఇంకా మిగులుతుంది. లీటరు ధర డీజిల్ కంటే తక్కువే.

దొరకదేమో అనే బెంగ ఉంటే, భీమవరం నుంచి హౌరాకి చేపలు తోలే లారీ డ్రైవర్నో, కడియం నుంచి మొక్కలు తీసుకెళ్ళేవాణ్ణో అడగండి. హైవే మీద పెట్రోల్ బంకుల్లో, లారీలు ఆగే ఆటో స్పేర్స్ షాపుల్లో దొరుకుతుంది. లోపల పల్లెల్లో దొరక్కపోవచ్చు కాబట్టి ఐదు లీటర్లు వెంట ఉంచుకోండి.

కొని నిల్వ చేసుకోవచ్చా?

ఇక్కడ మన ఎండ అడ్డొస్తుంది. 30 డిగ్రీల లోపు ఉంచితే ఏడాది ఉంటుంది. 35 డిగ్రీల్లో ఆరు నెలలే. మే నెలలో రేకుల షెడ్డులో వేడి ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో చల్లటి మూల, ఎండ తగలకుండా, మూత గట్టిగా బిగించి పెట్టండి. చౌకగా వస్తోందని నాలుగు బకెట్లు కొనకండి. కొనేటప్పుడు తయారైన తేదీ, ఐఎస్ఓ 22241 అనే అంకె చూసుకోండి.

రాగి, ఇత్తడి పాత్రల్లో పొయ్యొద్దు, వాటిని తినేస్తుంది. డీజిల్ కొలిచే గరాటు దీనికి వాడొద్దు. ఒలికితే ఆరాక తెల్లగా ఉప్పులా పేరుకుంటుంది. వెంటనే నీళ్ళతో కడిగేస్తే సరి.

మా ఇంట్లో పొలానికి తెచ్చిన యూరియా బస్తాలున్నాయి. నీళ్ళలో కలిపి పోస్తే?

నవ్వుకుంటూ అడుగుతారు గానీ, నిజంగా పోసినవాళ్ళున్నారు. అసలు డెఫ్ అంటే 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది అయాన్లు తీసేసిన నీరు. పొలం యూరియాకి 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. అందులో బైయురెట్ లాంటి మలినాలూ ఉంటాయి. మన బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఉప్పు. ఆ ఉప్పూ, సున్నమూ, వేపపూతా కలిసి ముందు ఇంజెక్టర్‌ని మూసేస్తాయి, తరవాత లోపలి ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి. బస్తా మీద మిగిలే డబ్బుకి ఎస్‌సీఆర్ డబ్బా పోతుంది. పైగా సబ్సిడీ యూరియాని పొలానికి కాకుండా వేరేదానికి వాడటం నేరం.

వరికి వేసేది వరికే వెయ్యండి.

దారిలో యాడ్‌బ్లూ అయిపోతే బండి ఆగిపోతుందా?

ఠక్కున ఆగదు. చాలా ముందు నుంచే చెప్తుంది. కార్లు, చిన్న వ్యాన్లలో ఇంకా ఇన్ని కిలోమీటర్లే అని లెక్క చూపిస్తాయి, అది సున్నా అయ్యాక ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్ట్ కావు. పెద్ద బళ్ళలో ముందు ఇంజన్ బలం తగ్గిస్తాయి, అప్పటికీ పోయకపోతే వేగాన్ని గంటకి 20 కిలోమీటర్లకి కుదిస్తాయి. నీళ్ళు పోసి మోసం చేద్దామంటే కుదరదు, పొగలోని నాక్స్‌ని కొలిచే సెన్సర్ పట్టేస్తుంది.

డీపీఎఫ్ పీకేసి, కంప్యూటర్‌లో ఏదో మార్చేస్తామని ఒక షెడ్డువాడు అంటున్నాడు.

అంటాడు. వాడికి ఒక పూట పని, మీకు బండి ఉన్నన్నాళ్ళూ తలనొప్పి. చట్ట ప్రకారం తప్పు, వారంటీ పోతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాడికి మీరే సాకు ఇచ్చినట్టు. ఆర్‌సీలో ఉన్న కంపెనీ స్పెసిఫికేషన్లకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇవన్నీ పక్కన పెట్టినా, మీరు పడుకునేది ఆ బండిలోనే. పొగ ముందు చేరేది మీ పిల్లల ముక్కుల్లోకే.

బాడీ కట్టేవాళ్ళకి ఏం చెప్పాలి?

దీని మీద నేను ఎంత చెప్పినా తక్కువే. బాడీ షెడ్డులో మేస్త్రీలు పనిమంతులే, కానీ వాళ్ళు బస్సులూ లారీలూ కట్టిన చేతులు. కింద ఉన్న డబ్బా 600 డిగ్రీలకి వెళ్తుందని వాళ్ళ లెక్కలో ఉండదు.

నా బండిలో ఏం చేశారంటే, యాడ్‌బ్లూ మూత ఉన్నచోట సామాను పెట్టె బిగించేశారు. బయట నుంచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. మొదటిసారి పోద్దామని వెళ్తే మూత మూడొంతులు పెట్టె వెనకాల. వేలు దూరుతుంది, మూత తిరగదు. మా అబ్బాయి పంక్చర్ షాపు నుంచి ట్యూబు ముక్క తెచ్చి గరాటుకి తగిలించి, పడుకుని పోశాడు. సగం వాడి చొక్కా మీదే. మళ్ళీ పెట్టె కోయించి తలుపు పెట్టించాను.

కాబట్టి ముందే చెప్పండి. నీలం మూత చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. డీపీఎఫ్ పైన నేలకి ప్లైవుడ్ మాత్రమే పెడితే చాలదు, కంపెనీ ఇచ్చిన వేడి రేకుని తియ్యొద్దు, దాని పైన వేడి ఆపే షీటు ఇంకోటి వెయ్యాలి. గ్యాస్ పైపు, ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు ఆ వైపు రాకూడదు. పొగగొట్టం చివర కిటికీ కింద ఉండకూడదు. తుప్పు పట్టకుండా అని బండి కింద నల్లటి కోటింగ్ కొడతారు కదా, అది డీపీఎఫ్‌కీ వేడి గొట్టాలకీ సెన్సర్లకీ కొట్టనివ్వకండి. మొదటి రీజెన్‌లోనే బండి కింద నుంచి పొగలు లేస్తాయి.

కారవాన్‌కి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాన్ని పాటించి కట్టి, ఆర్‌సీలో మార్పు రాయించుకోగలిగే వాళ్ళ దగ్గరే పని పెట్టుకోండి.

పాత బీఎస్-4 వ్యాను చౌకగా వస్తోంది. తీసుకోవచ్చా?

డబ్బు తక్కువుండి, ఎక్కువగా జిల్లాల్లోనే తిప్పేవాడికి నేను వద్దనను. ఈజీఆర్ తప్ప పెద్ద హంగులేని బండైతే చిన్న చిన్న ప్రయాణాలకి మొండిగా నడుస్తుంది. ఊళ్ళో మెకానిక్కే చూసుకోగలడు. కాకపోతే పొగ ఎక్కువ, వయసు ఎక్కువ. హరిద్వార్, ఢిల్లీ వైపు ఆలోచన ఉంటే మాత్రం ముందు ఆరా తియ్యండి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద ఆంక్షలు పెట్టారు, కోర్టుల్లో అవి మారుతూ వచ్చాయి.

ఏ ఇంజన్ ఆయిల్ పొయ్యాలి?

కంపెనీ పుస్తకంలో రాసిందే. ఆయిల్‌లోని లోహపు మందులు కాలితే బూడిద అవుతుంది. మసి రీజెన్‌లో పోతుంది గానీ బూడిద పోదు, డీపీఎఫ్‌లోనే ఉండిపోతుంది. బూడిద తక్కువ వచ్చే ఆయిళ్ళు వేరే ఉంటాయి. పాత లారీకి పోసే డబ్బా ఆయిల్ ఇందులో పోశారంటే జల్లెడని మీ చేత్తోనే పూడ్చినట్టు.

వరద నీళ్ళు, ఉప్పుగాలి?

2022 జులై వరదల్లాంటివి వచ్చినప్పుడు లంకల వైపు బండి ఉంచకండి. పొగగొట్టం మునిగేంత నీళ్ళొస్తే డీపీఎఫ్‌లోకి బురద వెళ్తుంది, సెన్సర్ల కనెక్టర్లు పోతాయి. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడకుండా లాగించుకుని వెళ్ళాలి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్ళకి వెళ్ళొస్తే ఆ మర్నాడే బండి కింద మంచినీళ్ళతో కడిగించండి, కానీ ప్రెజర్ గన్ను వైర్ల మీద కొట్టొద్దు.

లడఖ్ వెళ్దామనుకుంటున్నాం. యాడ్‌బ్లూ గడ్డకడుతుందటగా?

సున్నా కింద 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ట్యాంకులో దాన్ని కరిగించే హీటర్ ఉంటుంది, కరిగాక మళ్ళీ మామూలుగానే పనిచేస్తుంది. గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి ట్యాంకు అంచుల దాకా నింపకండి. ఆ చలిలో యాడ్‌బ్లూ కంటే ముందు డీజిలే మొండికేస్తుంది.

ఎలక్ట్రిక్ వచ్చేదాకా ఆగమంటారా?

మీ వయసెంత?

పొరపాటున యాడ్‌బ్లూని డీజిల్ ట్యాంకులో పోసేశాం. ఏం చెయ్యాలి?

తాళం తిప్పకండి. ఆన్ పొజిషన్‌కి కూడా పెట్టకండి, పంపు తిరిగి దాన్ని ఇంజెక్టర్ల దాకా లాగేస్తుంది. నీళ్ళ లాంటిది కాబట్టి ట్యాంకు అడుక్కి చేరుతుంది, ఫ్యూయల్ పైపు లాగేది కూడా అడుగు నుంచే. అక్కడక్కడే ఆరి గడ్డకట్టి పంపునీ ఇంజెక్టర్లనీ పాడుచేస్తుంది. బంకువాడు "కొంచెమే పడింది, ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే కలిసిపోతుంది సార్" అంటాడు. ఒక్క లీటరు పడినా ట్యాంకు దింపి కడిగించాల్సిందే. గేరు న్యూట్రల్‌లో పెట్టి, నలుగురి చేత తోయించి పక్కన ఆపి, సర్వీస్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి.